గోడకు అతికించిన జాబితా, మా ఇన్‌పుట్ సబ్సిడీ

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేసరికి మా డెల్టాలో వరికోతలు సగంలో ఉన్నాయి. కొందరివి కుప్పలెక్కాయి, కొందరివి కోసి చేలోనే పనల మీద ఉన్నాయి, ఆలస్యంగా నాట్లు వేసినవాళ్లవి ఇంకా కొయ్యనే లేదు. నాకు సొంతం రెండెకరాలు, కౌలుకు మూడెకరాలు. రెండింట్లోనూ సాంబ మసూరే, అదే మా వాళ్లు బీపీటీ అనేది. సొంత చేను కోసి పనల మీద ఉంది. కౌలు చేను కోతకు సిద్ధంగా ఉండి, గాలికి చాప చుట్టినట్టు పడిపోయింది.

మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క. నీళ్లు పోవడానికి దారే లేదు. లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లితే మొలక రాదని వ్యవసాయ శాఖవాళ్లు చెప్పారు. చల్లాం. పైన ఉన్న వెన్నులు కొంతవరకు నిలబడ్డాయి. పనను తిరగేస్తే కింద నేలకు తగిలిన వెన్నుల్లో గింజ గింజకీ తెల్లటి మొలక, పులిసిన వాసన. కోతకు ముందే వరిలో చల్లిన మినుము నీళ్లకింద కుళ్లిపోయింది.

ఆ తర్వాత ఇన్‌పుట్ సబ్సిడీ అనే ప్రభుత్వ సాయం చేతికి అందేదాకా ఏం జరిగిందో, అందులో జాబితా అనే కాగితం ఎంత పని చేసిందో రాస్తున్నాను. ఇలాంటివి మా ఊళ్లో అరుగుల మీద చెప్పుకోవడమే తప్ప ఎవరూ రాసిపెట్టరు. మళ్లీ తుపాను వచ్చినప్పుడు అందరూ మొదటినుంచీ మొదలుపెడతారు.

ముందు లెక్క తెలిసి ఉండాలి. అప్పటికి కేంద్రం పెట్టిన విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే సాయం. నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారమైతే 8,500. అది కూడా ఒక రైతుకు రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరానికి ఏడు వేలకు కాస్త తక్కువ. పెట్టుబడిలో నాలుగో వంతు కూడా రాదు. పోయిన పంట ఖరీదు కట్టి ఇచ్చే డబ్బు కాదిది, మళ్లీ విత్తుకోవడానికి ఇచ్చే చేయూత. ఈ సంగతి తెలియక మా ఊళ్లో సగంమంది ఎకరానికి ముప్పై వేలు వస్తాయని కూర్చున్నారు.

రెండోది ఈ-పంట. సీజన్లో మన చేనుకు వచ్చి, ఫోటో తీసి, వేలిముద్ర వేయించుకుని నమోదు చేస్తారు కదా, అందులో పేరుంటేనే నష్టం లెక్కలోకి వస్తుంది. నా సొంత రెండెకరాలూ అందులో నా పేరున ఉన్నాయి. కౌలు మూడెకరాలు భూమిగల ఆయన పేరున ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు సాగుదారు హక్కు పత్రం ఇస్తారు, పదకొండు నెలలు చెల్లుతుంది. దానికి భూమి యజమాని సంతకం కావాలి. నాకు కౌలుకిచ్చిన ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, మంచి మనిషే. కానీ సంతకం అనేసరికి, "అదేదో భూమి మీద హక్కు వచ్చే కాగితంలా ఉందయ్యా, ఎందుకొచ్చిన గొడవ" అంటారు. భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉంది. అది చదివి వినిపించినా ఆయన భయం ఆయనది.

వాన వెలిసిన తర్వాత లెక్క రాసేవాళ్లు వచ్చారు. వ్యవసాయ సహాయకుడు, ఆయనతో వీఆర్వో. వ్యవసాయ సహాయకుడు కుర్రాడు, బీఎస్సీ అగ్రికల్చర్ చదివి వచ్చినవాడు, ఫ్యాంటు మోకాళ్లదాకా మడిచి బురదలోకి దిగాడు. ఫోన్‌లో యాప్ తెరిచి, సర్వే నంబరు కొట్టి, చేలో నిలబడి ఫోటో తీశాడు. శాతం మాత్రం కంటిచూపు లెక్కే. గట్టు మీద నిలబడి చూస్తే ఒకలా ఉంటుంది, నడిచి లోపలికి వెళ్తే ఇంకోలా. నా చేలో మెరక వైపు పాతిక శాతం పోతే పల్లపు వైపు అంతా పోయింది. 33 అన్నది గీత. 35 అంటే పూర్తి సాయం, 30 అంటే సున్నా. ఆ గీత ఏ వైపు పడుతుందో ఒక మనిషి పది నిమిషాల్లో తేల్చాలి. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఆ కుర్రాడికి ఎన్ని వందల ఎకరాలు అప్పగించారో చూశాను. కానీ అక్కడ పొరపాటు జరగడం ఎంత తేలికో కూడా చూశాను.

మా దగ్గర పనల మీద ఉన్నది రాసుకున్నారు, కుప్ప వేసినది రాయలేదు. ముందుగా కోసి, కష్టపడి కుప్ప వేసుకున్నవాడికి ఏమీ లేకుండా పోయిందని ఆ రోజు పెద్ద గొడవే అయింది. మినుము అప్పటికి ఈ-పంటలోకి ఎక్కలేదు కాబట్టి దాని ఊసే లేదు.

కొన్నాళ్లకు ముసాయిదా జాబితా రైతు భరోసా కేంద్రం గోడకు అతికించారు. సోషల్ ఆడిట్ అంటారు దాన్ని. అంటే ఊరంతా చూసి, తప్పులుంటే చెప్పాలని. ఏ4 కాగితాలు, సన్న అక్షరాలు, కింది అంచు చెమ్మకు వంకర తిరిగింది. పేరు, తండ్రి పేరు, భూమి ఖాతా నంబరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, దెబ్బతిన్న విస్తీర్ణం. పెద్దవాళ్లు కళ్లజోళ్లు సర్దుకుని వేలు పెట్టి చదువుతున్నారు. చదవడం రానివాళ్లు పక్కవాణ్ణి గోకుతున్నారు, "నాది ఉందేమో చూడరా" అని.

నా పేరు ఉంది. రెండెకరాలకు బదులు ఎకరా అరవై సెంట్లు పడింది. నలభై సెంట్లు ఎక్కడికి పోయాయో తెలియదు. కౌలు భూమి అనుకున్నట్టే హైదరాబాద్ ఆయన పేరున ఉంది. ఆ రెండూ చూసుకుని వెనక్కి తిరగబోతుంటే వెనకనుంచి మా బాబాయి వరస ఆయన ఒక సర్వే నంబరు గట్టిగా చదివి, "ఇది చెరువు కాదురా?" అన్నాడు.

నిజమే. ఆ నంబరులో నాలుగేళ్లుగా రొయ్యల చెరువు ఉంది. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటే రాత్రి మా ఇంటిదాకా వినపడుతుంది. జాబితాలో అక్కడ వరి, నూరు శాతం నష్టం. ఆఫీసులో కూర్చున్నవాడికి అది ఒక అంకె. మా ఊళ్లో ఏ పిల్లాడిని అడిగినా చెబుతాడు అక్కడ వరి లేదని. జాబితా గోడెక్కితే వచ్చే లాభం ఇదే. ఏ తనిఖీ బృందం వచ్చినా ఇంత తొందరగా పట్టుకోలేదు.

పట్టుకోవడం వేరు, చెప్పడం వేరు. గోడ దగ్గర నవ్వినవాళ్లు పదిమంది ఉంటారు, అభ్యంతరం రాసివ్వమంటే ఒక్కరూ ముందుకు రాలేదు. రేపు పొద్దున ఆ చెరువుగల ఆయన ట్రాక్టరే కావాలి, ఆయన ఇంట్లో పెళ్లికే వెళ్లాలి. మొహమాటం. నాకూ ఉంది. బాబాయి మాత్రం, "ఆయన్ని దొంగ అనక్కర్లేదురా, నంబరు తప్పు పడిందని రాయి, చాలు" అన్నాడు. ఆ మాట బాగా పనికొచ్చింది. మనిషి పేరు ఎత్తకుండా, ఫలానా సర్వే నంబరులో పంట వివరం సరిచూడమని రాశాం. అదే కాగితంలో నా నలభై సెంట్ల సంగతి కూడా రాసి, బాబాయి, నేను, ఇంకో ఇద్దరం సంతకాలు పెట్టాం.

కేంద్రంలో ఉన్నతను కాగితం తీసుకుని, "మీది చెప్పండి, సరిచేస్తాం. పక్కవాళ్లది మీకెందుకు?" అన్నాడు. సోషల్ ఆడిట్ అని పెట్టింది పక్కవాళ్లది చూడమనే కదా బాబూ అని బాబాయి అన్నాడు. తీసుకున్నట్టు మా నకలు మీద సంతకం, తేదీ అడిగితే కాసేపు నసిగి వేశాడు. ఎవరైనా అభ్యంతరం ఇస్తే ఆ సంతకం, తేదీ లేకుండా అక్కణ్ణుంచి కదలొద్దు. నోటిమాటగా చెప్పిన మా ఊరివాళ్లవి రెండు మూడు తప్పులు అలాగే ఉండిపోయాయి. కాగితం ఇచ్చినవి రెండూ సరయ్యాయి. చెరువు లైను తుది జాబితాలోకి రాలేదు. నా చేను మళ్లీ చూసి రెండెకరాలూ వేశారు. నలభై సెంట్లంటే 2,700 పైచిలుకు. ఒకరోజు కూలీల ఖర్చుకు సరిపోతుందేమో, కానీ వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

చెరువుగల ఆయన తర్వాత కనపడి, తనసలు దరఖాస్తే పెట్టలేదని, పాత ఏడాది పంట వివరమే అలా కొనసాగిందని అన్నారు. అయ్యుండొచ్చు. నేను నమ్మాను కూడా. బాబాయి నమ్మలేదు.

2024 మార్చిలో ముఖ్యమంత్రి బటన్ నొక్కి, అంతకుముందు ఖరీఫ్ కరువు, మిచౌంగ్ రెండింటికీ కలిపి దాదాపు 1,300 కోట్లు విడుదల చేశారు. టీవీలో వచ్చింది, పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన వచ్చింది. నా ఖాతాలోకి మాత్రం రాలేదు. పాస్‌బుక్ కొట్టించుకున్న ప్రతిసారీ అదే పాత నిల్వ. టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే మెసేజ్ వచ్చినవాళ్లు ఊళ్లో తిరుగుతూనే ఉన్నారు. తీరా చూస్తే, ఆధార్‌తో చివరగా ఏ బ్యాంకు ఖాతా ముడిపడి ఉంటే డబ్బు అందులోకి వెళ్తుందట. నాకు ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతా ఇంకో బ్యాంకులో ఉంది. డబ్బు అక్కడ పడి ఉంది. ఆ ఖాతాకు కేవైసీ చేయించి తీసుకున్నాను. ఆధార్‌కు ఏ బ్యాంకు తగులుకుని ఉందో ముందే చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

డబ్బు చేతికొచ్చిన సాయంత్రమే ఎరువుల కొట్టు ఆయన స్కూటర్ మీద వచ్చాడు. "పడ్డాయంట గదా" అన్నాడు నవ్వుతూ. గోడ మీది జాబితా ఆయనా చదివాడు మరి. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎంత వస్తుంది అని ఆయన దగ్గర వేళ్ల మీద లెక్క ఉంది. పారదర్శకత గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్క చెప్పరు. అప్పులున్న రైతుకు తన పేరూ అంకే గోడ మీద కనపడటం సుఖంగా ఉండదు. అయినా ఆ జాబితా ఉండాల్సిందే అంటాను నేను. ప్రభుత్వ సొమ్ము ఎవరికి, ఎంత భూమికి, ఏ పంటకు వెళ్లిందో ఊరికి తెలియాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా ఎవరికీ అక్కర్లేదు, అవి దాచొచ్చు.

అసలు చిక్కు తర్వాతి మెట్టులో ఉంది. ముసాయిదా గోడ మీద పెట్టారు. తుది జాబితా, ఎవరికి ఎంత జమ అయింది, ఎవరిది వెనక్కి వెళ్లింది అన్నవి మా ఊళ్లో ఎక్కడా పెట్టలేదు. పీఎం కిసాన్ చూడండి, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే లబ్ధిదారుల పేర్లు ఎవరికైనా ఫోన్లో కనపడతాయి. తుపాను సాయానికి అలాంటిది ఎందుకు ఉండకూడదని నా ప్రశ్న. అప్పటికి ఊళ్లో చాలామంది ఇంకా పడలేదని తిరుగుతున్నారు, వాళ్లకు మంజూరే కాలేదో, మంజూరై ఆగిందో చెప్పేవాళ్లు లేరు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. మా ఊరి తుది జాబితా, జమ అయిన మొత్తాలు, జమ కాకుండా తిరిగొచ్చినవి, తిరస్కరించినవాటికి కారణాలు అడిగాను. ముప్పై రోజుల గడువు దాదాపు అయిపోతుండగా జవాబొచ్చింది. ఇది వ్యక్తిగత సమాచారం, ఆ చట్టం సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వలేం అని ఒకటిన్నర వాక్యం.

ఇక్కడ ఒక లాయరు మిత్రుడు దారి చూపించాడు. అదే చట్టంలో సెక్షన్ 4(1)(బి)లో, ప్రభుత్వ కార్యాలయాలు ఎవరూ అడగకుండానే బయటపెట్టాల్సినవాటి చిట్టా ఉంది. అందులో పన్నెండోది సబ్సిడీ పథకాలు అమలు చేసే తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు. అడగకుండానే పెట్టాల్సినదాన్ని అడిగితే కాదంటే ఎలా? ముసాయిదాగా గోడకు అతికించినప్పుడు వ్యక్తిగతం కానిది డబ్బు పడగానే ఎలా అయింది? ఈ రెండు ప్రశ్నలూ రాసి, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కొట్టేసి ఇవ్వండి చాలు అని మొదటి అప్పీలు వేశాను. అప్పీలు విన్న అధికారి కోపంగా ఏమీ లేరు. "ఇవ్వకూడదని కాదండీ, ఇస్తే ఇంకేం వస్తుందో అని మావాళ్ల భయం" అన్నారు. జాబితా ఇప్పించారు.

దాంట్లో నేను వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. మళ్లీ చెరువుల్లాంటివి ఉంటాయేమోనని చూశాను, అలాంటివి కనపడలేదు. కనపడింది చివరి పేజీలో జమ కాని ఖాతాల వరస. మంజూరైంది, పంపారు, వెనక్కి వచ్చింది. అందులో మా పిన్ని వరస ఆవిడ కుటుంబం ఉంది. ఆవిడ భర్త పోయి అప్పటికి రెండేళ్లు. భూమి ఇంకా ఆయన పేరునే ఉంది, ఈ-పంట ఆయన పేరునే సాగింది, డబ్బు చనిపోయిన మనిషి ఖాతాకు వెళ్లి తిరిగొచ్చింది. ఆవిడేమో మాకు రాలేదు, మాలాంటివాళ్లకి రావులే అని ఊరుకుంది. జాబితా చేతికొచ్చాక మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం పట్టుకుని తిరిగి, ముందు భూమి వారసుల పేరుకు మారేలా మ్యుటేషన్ పెట్టించాం. డబ్బు రావడానికి చాలా ఆలస్యమైంది గానీ వచ్చింది. ఆ వరసలో పేర్లున్న మిగతావాళ్లకీ కబురు చెప్పాను. ఒకాయనకైతే నమ్మకం కుదరక జాబితా ఫోటో పంపమన్నాడు.

తిరస్కరించినవాటికి కారణాలు మాత్రం ఇవ్వలేదు, "సమాచారం ఆ రూపంలో లేదు" అన్నారు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైన జాబితా అదే. వచ్చినవాళ్ల పేర్లు చూస్తే మోసం తెలుస్తుంది, రానివాళ్ల పేర్లు చూస్తే అన్యాయం తెలుస్తుంది. 32 శాతం అని రాసి పక్కన పెట్టేసిన చేను ఎవరిదో తెలిస్తేనే కదా ఆ రైతు మళ్లీ చూడమని అడిగేది.

ఊరి జాబితాతో తేలనిది ఇంకోటి ఉంది. రెండు హెక్టార్ల పరిమితి మనిషికి గానీ ఊరికి కాదు. పెద్ద రైతులకు నాలుగు ఊళ్లలో భూములుంటాయి, ఇంట్లో నలుగురి పేర్ల మీద ఉంటాయి. మా ఊరి గోడ మీద అలాంటాయన రెండెకరాల రైతే. మండలం మొత్తం జాబితా ఒక్కచోట చూస్తే తప్ప అసలు లెక్క తెలియదు, ఆ జాబితా ఏ గోడకూ ఎక్కదు. పేర్లు పంచుకుని రాయించుకోవడం చట్టానికి తప్పు కాకపోవచ్చు. ఊళ్లో అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు.

నేను ఇప్పుడు దరఖాస్తు పెడితే ఆ జాబితా వచ్చేదా అంటే, కాస్త కష్టమయ్యేది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా 8(1)(జె)ని మార్చారు, 2025 నవంబర్ నుంచి అమల్లో ఉంది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట ఆ క్లాజులోంచి పోయింది. సెక్షన్ 8(2)లో ప్రజా ప్రయోజనం మాట ఇంకా ఉంది, సెక్షన్ 4 అలాగే ఉంది. కాబట్టి దరఖాస్తులోనే ఆ రెండూ ముందుగా రాసుకోవాలి, అప్పీలుదాకా దాచుకోకూడదు.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వరి పొట్ట మీదా పాల మీదా ఉంది. ఈసారి కేంద్రం పేరు రైతు సేవా కేంద్రం, గోడ అదే. జాబితా అతికించిన గంటలోపే కుర్రాళ్లు ఫోన్లతో ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా ఊరి అబ్బాయి అక్కణ్ణుంచే వాళ్ల నాన్న పేరు వెతికి, లేదని ఫోన్ చేశాడు. అభ్యంతరాలు ఈసారి కాగితాల మీదే ఎక్కువ వచ్చాయి, తీసుకున్నతను అడక్కుండానే తేదీ వేసి ఇచ్చాడు.

నా రెండెకరాలు సరిగ్గానే పడ్డాయి. కౌలు మూడెకరాలు మళ్లీ హైదరాబాద్ ఆయన పేరునే ఉన్నాయి. మిచౌంగ్ డబ్బు తన ఖాతాలో పడినప్పుడు ఆయన కౌలులో కొన్ని బస్తాలు తగ్గించారు, అది ఆయన మంచితనం, నాకు హక్కుగా వచ్చింది కాదు. ఈసారి హక్కు పత్రం ఫారం నింపి, ఆయన పేరు దగ్గర ఇంటూ గుర్తు పెట్టి హైదరాబాద్ పంపాను. సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడదామన్నారు.